అడవిలోనికి వచ్చిన త్రోవ: దుమ్ముగూడెము నీటిబాట చరిత్రము

ఒకనాడు భూగోళపాఠము చెప్పుచు మేము తరగతిలో నొక ప్రశ్న వేసితిమి. "మీ కుటుంబములు ఈ ప్రాంతమునకు ఏ త్రోవను వచ్చినవి?" అని అడిగితిమి. ఒక విద్యార్థి లేచి, "మా ముత్తాతగారు కృష్ణా జిల్లానుండి రెండెడ్లబండిమీద వచ్చినారండి" అనెను. వేరొకడు, "మా తాతగారు బొగ్గుగనులలో పనికై రైలెక్కి వచ్చినారండి" అని చెప్పెను. మూడవవాడు, "భద్రాచలము వంతెన పడిన తరువాత మావారు లారీలో సామాను వేసికొని వచ్చినారండి" అనెను. వెనుక బల్లపై కూర్చున్న కోయ విద్యార్థి మాత్రము చేయి యెత్తలేదు. "నీవేల చెప్పవు నాయనా?" అని మేమడుగగా, ఆ బాలుడు మెల్లగా లేచి, "మేము రాలేదు మాష్టరుగారూ. మేమిక్కడనే ఉన్నాము" అనెను.

తరగతి యంతయు నవ్వెను. మేము నవ్వలేకపోతిమి. త్రోవలను గూర్చి యెన్నియో యేండ్లుగా పాఠము చెప్పుచున్న మేము, త్రోవ వచ్చునప్పటికే అక్కడ నున్నవారినిగూర్చి యొక్క పాఠమైనను చెప్పియుండలేదు. ఆ లోపమును దిద్దుకొనుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

1. రెండు విధములగు త్రోవలు

లోకమున త్రోవలు రెండు విధములు. మనుష్యులు నడువగా నడువగా ఏర్పడునది యొకటి. నీళ్లకుపోవు బాట, సంతకుపోవు బాట, చుట్టముల యింటికి పోవు బాట ఇట్టివి. వీనిని ఎవరును గీయలేదు, పాదములే గీచినవి. రెండవది ప్రభుత్వమో, వర్తకసంఘమో ముందుగా యోచించి, కొలతగొలుసు పట్టి, కూలీలను పెట్టి వేయించునది. జనులు పోవుచున్నారు గనుక వేయు త్రోవ కాదిది. జనులు పోవలయునని వేయు త్రోవ. అడవిని పొలము చేయవలయుననియు, సరకు దిగువకు రావలయుననియు, క్రొత్తవారు వెళ్లి కాపురముండవలయుననియు ఉద్దేశించి ఇట్టి త్రోవలను వేయుదురు.

ఇవి అనేక దేశములందు కలవు. అమెరికాఖండమున 1775వ సంవత్సరమున డేనియల్ బూను అనునతడు కొందరు మనుష్యులతో కూడి కంబర్లాండు కనుమగుండ కెంటకీ అడవులలోనికి బాట కొట్టెను. కొలది దశాబ్దములలో లక్షలకొలది జనులు ఆ బాటవెంట పడమటికి తరలిరి. ఆ భూములలో వేటాడుచుండిన షానీ, చెరోకీ జాతులవారు వాటిని పోగొట్టుకొనిరి. బ్రెజిల్ దేశపు ప్రభుత్వము 1970వ సంవత్సరమున అమెజాను మహారణ్యమున కడ్డముగా గొప్ప రోడ్డును మొదలుపెట్టి, భూమిలేని బీదలను ఆ రోడ్డు ప్రక్కల నిలుపదలచెను. కాపురములు కొన్నియే నిలిచినవి. అడవి మాత్రము చాల నరకబడెను. ఈ దూరదేశపు సంగతులు మనకేల యనవలదు. మన గోదావరి తీరమునందును అట్టి త్రోవ యొకటి పుట్టినది. అది మట్టిరోడ్డు కాదు, నీటిబాట.

2. త్రోవ రాకముందు

ఖమ్మమునుండి ఈశాన్యముగా భద్రాచలమువైపు పోవుకొలది మైదానము సన్నగిల్లి, చెరువుల క్రింది పొలములు తగ్గి, టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు గల అడవి హెచ్చును. పూర్వకాలమున ఈ రెంటికి నడుమ నున్న సీమ యెల్లప్పుడును సరిహద్దు సీమయే. మన ముదిగొండ పేరనే యొక రాజవంశము వెలసినది. ముదిగొండ చాళుక్యులు వేంగి నేలిన తూర్పు చాళుక్యులకు సామంతులై యుండి, కాకతీయుల ప్రాబల్యము పెరిగిన తరువాత అంతరించిరి. రాజులు మారినను అడవిలోనివారి బ్రదుకు అంతగా మారలేదు.

ఆ అడవి కోయలది; గోదావరి కొండలలో కొండరెడ్లది. వారు పోడు కొట్టి జొన్నయు, సామయు, కొర్రయు పండించిరి. ఒకచోట కొన్నియేండ్లు సాగుచేసి, నేల అలసినంతనే దానిని విడిచి వేరొకచోటికి పోయిరి. విడిచిన నేల మరల అడవియయ్యెను. ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ, తేనె, అడ్డాకులు వారి ఆస్తి. ఏ నేల యే గూడెమువారిదో వారికి తెలియును గాని, దానికి పట్టా యను కాగితము లేకుండెను. ఈ మాటను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలయును. తరువాత జరిగిన నష్టమునకు ఇదియే ద్వారమయ్యెను.

త్రోవలు బొత్తిగా లేవని తలంపరాదు. లంబాడీలు సముద్రతీరమునుండి ఎద్దుల వీపులపై ఉప్పు తెచ్చి, లోపలి సీమల ధాన్యమును దిగువకు కొనిపోయిరి. పదునేడవ శతాబ్దమున పాల్వంచ పరగణా తాసీల్దారుగా నుండి, రాముని గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో నుంచబడిన కంచర్ల గోపన్న కథ అందరెరిగినదే. ఆ కాలమునుండియు శ్రీరామనవమికి యాత్రికులు అడవిబాటల వెంట భద్రాచలము పోవుచుండిరి. అయితే ఉప్పు దించినవాడు తిరిగిపోయెను. మ్రొక్కు తీర్చుకొన్నవాడు తిరిగిపోయెను. అడవిలో నిలిచిపోవుటకు ఎవరును రాలేదు.

3. కాటను, హెయిగ్: నదియే రోడ్డు

ధవళేశ్వరపు ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించిన సర్ ఆర్థర్ కాటను పేరు గోదావరి జిల్లాలలో ఇంటింట వినబడును. ఆయన ఆనకట్టతో తృప్తి పొందలేదు. ఇనుపదారికంటె నీటిదారి చౌకయని ఆయన దృఢవిశ్వాసము. ఒక పడవ మోయు సరకును బండ్లమీద తేవలయునన్న ఎన్ని బండ్లు, ఎన్ని యెడ్లు, ఎన్ని దినములు కావలయునో లెక్క వేసి చూడుడు. ఆయన వాదము తేలికగా బోధపడును. సముద్రమునుండి గోదావరివెంటను, అటుపై ప్రాణహిత, వార్ధా నదులవెంటను పడవలు పోగలిగినచో, మధ్యభారతపు బీరారు ప్రత్తి తిన్నగా కాకినాడ రేవునకు దిగును. తీరమునుండి ఉప్పు ఎగువకు పోవును. నడుమనున్న నిర్జనమైన లోయ జనులతో నిండును. అదియే ఆ యోచన.

ఆటంకము మూడుచోట్ల కలదు. నదీగర్భమున రాళ్లు పైకి లేచి పడవలకు దారి నీయని స్థలములవి. మొదటిది భద్రాచలమునకు ఎగువను దుమ్ముగూడెమువద్ద. రెండవది ఇంద్రావతి కలియు తావునకు చేరువను ఇచ్చంపల్లివద్ద. మూడవది ప్రాణహితపై దేవలమర్రివద్ద. ఇవి గాక, వేసవిలో నీరు తగ్గి పడవలు ఇసుకపై కూర్చుండును. కావున ఆనకట్టలు కట్టి నీటిని నిలుపవలయును. రాళ్లను తప్పించుకొనిపోవుటకు ప్రక్కగా కాలువ త్రవ్వవలయును. కాలువలో మెట్టునకు మెట్టు ఎక్కుటకు లాకులు కట్టవలయును.

లాకు పనిచేయు విధము చిన్న తరగతులవారికై చెప్పెదము. లాకనగా రెండు తలుపులు గల రాతితొట్టె. క్రిందినుండి వచ్చిన పడవను లోనికి తీసికొని, క్రింది తలుపు మూసి, పైనుండి నీరు వదలుదురు. నీటితోబాటు పడవయు పైకి లేచును. పైమట్టమునకు వచ్చిన పిమ్మట పైతలుపు తెరతురు. ఇట్లు పడవ మెట్లెక్కినట్లు నది నెక్కును.

ఈ పని భారము మద్రాసు ఇంజనీరు ఫీలిక్సు థాకరే హెయిగ్ అను సైనికోద్యోగిపై పడెను. ఆయన గోదావరిని పరీక్షించి 1856లో నివేదిక వ్రాసెను. 1860వ సంవత్సరపు ఒడంబడికలో నైజాము ప్రభుత్వము గోదావరి యెడమగట్టునందలి భద్రాచలము, రేకపల్లి సీమలను ఆంగ్లేయుల కిచ్చి, నదిపై పోవు సరకులకు సుంకము తీయకుండుట కంగీకరించెను. ఆ దినములలో కోయగూడెముల నడుగక యొకని చేతినుండి యొకని చేతికి సీమలు మారుచుండెను. భద్రాచలము మధ్యరాష్ట్రములలోని అప్పర్ గోదావరి జిల్లాలో చేరి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చబడెను. నదికి కుడిప్రక్క పాల్వంచ నైజాముదిగానే నిలిచెను.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టగా, ఆంగ్లదేశమందలి లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరువయ్యెను. హిందూదేశపు ప్రత్తికి మునుపెన్నడు లేని గిరాకి కలిగెను. దానితో గోదావరి పనికి ఊపు వచ్చెను.

4. పని, జ్వరము, నిలుపుదల

దుమ్ముగూడెము ఆ కాలమున అడవి నడుమ నొక గూడెము. అక్కడికి కూలీలను, రాతిపనివారిని దిగువ జిల్లాలనుండి రప్పింపవలసి వచ్చెను. బియ్యము సయితము దిగువనుండియే రావలయును. పడవలు నడుచు కాలము వర్షఋతువు. రాతిపని సాగు కాలము నీరు తగ్గిన ఋతువు. సరకు చేరినప్పుడు పని లేదు, పని చేయదగినప్పుడు సరకు చేరదు. ఇది యొక చిక్కు.

దీనికంటె గొప్ప చిక్కు జ్వరము. చలిజ్వరము పట్టిన కూలీలు పని విడిచి పారిపోయిరి; పారిపోలేనివారిలో అనేకులు మరణించిరి. విషూచి కూడ తోడయ్యెను. అడవిగాలి చెడ్డదనియు, ఆకులు కుళ్లిన ఆవిరియే జ్వరకారణమనియు ఆనాటి వైద్యులు తలంచిరి. నిజమైన కారణము 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన తేలెను. సికిందరాబాదులో పనిచేయుచుండిన డాక్టరు రోనాల్డ్ రాసు ఒక దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టెను. ఆ సత్యము ముప్పదియేండ్లు ముందు తెలిసియున్నచో దుమ్ముగూడెపు కూలీలలో ఎందరు బ్రదికియుందురో దేవునికే తెలియును. త్రోవ వేసినవారి పేర్లు మనకు తెలియును. ఆ రాళ్లు మోసి మరణించినవారి పేర్లను ఎవరును వ్రాసియుంచలేదు.

ఇట్లుండగా లోకము మారిపోయెను. 1865లో అమెరికా యుద్ధము ముగిసెను. ప్రత్తి ధర పడిపోయెను. 1867లో బొంబాయినుండి రైలుమార్గము నాగపురమును చేరెను. 1869లో సూయెజు కాలువ తెరవబడి ఐరోపా వర్తకమును బొంబాయివైపు త్రిప్పెను. బీరారు ప్రత్తికి గోదావరితో పని లేకపోయెను. 1871లో ప్రభుత్వము పని నిలుపుమని ఆజ్ఞాపించెను. అప్పటికి లక్షలకొలది రూపాయలు వ్యయమైనవి. దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు, కాలువయు, లాకులును ఏర్పడినవి గాని, సముద్రమునుండి వార్ధావరకు పోవలసిన బాట ఎన్నడును తెరువబడలేదు.

దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని ఉన్నది. పర్ణశాల చూడబోవువారు దానిని కూడ చూచి రావచ్చును. ఏ జనులను ఎగువకు రప్పింపవలెనని ఆ రాళ్లు పేర్చిరో ఆ జనులు ఆనాడు రాలేదు. వారు వేరు త్రోవలను తరువాత వచ్చిరి.

5. ఆ త్రోవను వచ్చిన సువార్త

చెడిపోయిన ఈ పనినుండి యొక్క ఫలము మాత్రము నిలిచినది. అది మన మిషను చరిత్రకు సంబంధించినది. హెయిగ్ దుమ్ముగూడెమున నుండగా కోయలకు బోధించువారు ఎవరును లేరని చింతించి, చర్చి మిషనరీ సొసైటీవారికి మొరపెట్టుకొనెను. 1841లో మచిలీపట్నమున రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు దొరలు మొదలుపెట్టిన తెలుగు మిషను ఆ సొసైటీదే. హెయిగ్ క్రింద ఉద్యోగము చేయుచుండి క్రైస్తవుడైన ఐ. వెంకట్రామరాజుగారు ఆ ఉద్యోగమును విడిచి, 1860వ సంవత్సర ప్రాంతమున ఈ పనికి పూనుకొని, కోయల నడుమ మొదటి బోధకుడయ్యెను. మొదటి మిషనరీ విదేశీయుడు కాక తెలుగువాడగుట మనము గర్వింపదగిన సంగతి. తరువాత జాన్ కెయిన్ దొర దుమ్ముగూడెమున చిరకాలముండి, కోయభాష నేర్చి, కోయల ఆచారములనుగూర్చి వ్రాసి ప్రకటించెను. ఆ క్షేత్రము తదుపరి దోర్నకల్లు అధ్యక్షమండలములో చేరినది.

నీటిబాట పని ఆగినను బడి ఆగలేదు. ఇంజనీర్లు వెళ్లిపోయిరి, బోధకుడు నిలిచెను. అయినను ఇక్కడ మనలను మనము పరీక్షించుకొనవలసిన మాట యొకటి కలదు. కోయబాలునకు అక్షరములు నేర్పితిమి; బైబిలు చేతికిచ్చితిమి; తన తాతలు సాగుచేసిన నేలకు కాగితమెట్లు పొందవలెనో నేర్పితిమా? అంతగా నేర్పలేదని మేము తలంచుచున్నాము. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను అపహరించిన కథను ఆదివారపు బడిలో ఎన్నో పర్యాయములు చెప్పితిమి. ఆ తోట ఎక్కడనో యూదయ దేశమునకు దాపున నున్నదని పిల్లలు తలంచునట్లు చెప్పితిమేమో!

6. ఇరుగుపొరుగు కొండలలో

త్రోవయు, క్రొత్త అధికారమును వచ్చినపుడు కొండవారికి కలిగిన బాధను తెలిసికొనుటకు మన యెల్లకు తూర్పుననున్న కొండలను కూడ చూడవలయును. 1879లో రంపదేశమున కల్లుపన్నుపైనను, మున్సబుదారు దోపిడిపైనను తిరుగుబాటు లేచి, పోడు వ్యవసాయముపై నిర్బంధములు హెచ్చిన భద్రాచలము తాలూకా రేకపల్లి సీమకు ప్రాకెను.

అచటినుండి ఇంకను తూర్పుగా విశాఖపట్నపు మన్యములో గూడెము కొండలున్నవి. అక్కడ నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లివైపు కనుమరోడ్డు వేయు పని 1920 తరువాత సాగెను. గూడెము డిప్యూటీ తాసీల్దారు బాస్టియను కొండవారిని బలవంతముగా పనికి తెప్పించి, తగిన కూలి ఇయ్యకుండెనని ఆరోపణలు వచ్చెను. ఏ రోడ్డుచే తమ అడవి పరుల పాలగునో ఆ రోడ్డును తామే, కడుపునకు కూలి లేక, వేయవలసి వచ్చినది! అల్లూరి సీతారామరాజు పితూరీకి గల కారణములలో ఈ రోడ్డు ముఖ్యమైనది. గాము గంటందొర, మల్లుదొర సోదరులు ఆయనతో చేరిరి. 1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసు ఠాణాపై పడి తుపాకులు గైకొనిరి. 23వ తేదీన కృష్ణదేవిపేట, 24వ తేదీన రాజవొమ్మంగి ఠాణాలు వారి వశమయ్యెను. 1924వ సంవత్సరము మే 7వ తేదీన రాజు చంపబడెను. మనము ఆయుధమును పొగడము. కాని ఒక రోడ్డుకూలి లెక్కలో చేసిన అన్యాయము రెండేండ్ల యుద్ధమునకు దారితీసినదని చరిత్ర చెప్పుచుండగా దానిని దాచుటయు ధర్మము కాదు.

7. రైలు, రోడ్డు, వంతెన

నీటిబాట చేయలేని పనిని బొగ్గు చేసినది. 1871లోనే, అనగా గోదావరి పని నిలిచిన సంవత్సరమునందే, భూగర్భశాస్త్రజ్ఞుడు విలియము కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనిపెట్టెను. 1889లో నైజాము రైలు బెజవాడను చేరెను. గనులకు కొమ్మలైన్లు పడినవి. వాటిలో కొత్తగూడెము స్టేషనునకు భద్రాచలం రోడ్డు అని పేరు. భద్రాచలమునకు పోవు రైలు కాదది. భద్రాచలమునకు రోడ్డు మొదలగు చోటని దాని భావము. అక్కడ దిగినవారు సుమారు 40 కిలోమీటర్లు పోయి, గోదావరిని పడవపై దాటవలసియుండెను. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణగారు భద్రాచలమువద్ద వంతెనను తెరచిన పిమ్మట ఆ పడవ ప్రయాణము కూడ తప్పెను.

ఈ త్రోవలవెంట తీరపుజిల్లాలనుండి రైతులు వచ్చిరి. వారిలో అనేకులు సోమరులు గారు, దుర్మార్గులు గారు. అప్పులపాలై, భూమి చాలక, పిల్లల కడుపు నింపుటకు వచ్చినవారు. అడవి నరికి, రాళ్లు ఏరి, బావులు త్రవ్వి, మిరపయు, పొగాకును పండించిరి. వారి కష్టమును తక్కువచేసి చెప్పుట మా ఉద్దేశము కాదు. వారి మనుమలు మా బల్లలపై కూర్చున్నారు.

కాని భూమి చేతులు మారిన విధమును చెప్పవలయును. రోడ్డు పడినంతనే రోడ్డు ప్రక్క నేలకు ధర కలుగును. కోయకు నేల కలదు, కాగితము లేదు. వచ్చినవానికి కాగితము తెలియును. విత్తనములకో, పెండ్లికో, జబ్బునకో కొద్ది సొమ్ము అప్పిచ్చి నేలను కౌలుగా తీసికొనుట. వడ్డీ పెరిగి కౌలు స్వంతమగుట. చదువురానివాని వ్రేలిముద్రను వానికి తెలియని మాటల క్రింద వేయించుట. కోయవాని పేరనే పట్టా నుంచి సాగు తాను చేసికొనుట. ఇట్టి మార్గములను అధికారులు, పండితులు మరల మరల వ్రాసియున్నారు. 1940 తరువాత నైజాము రాజ్యమున కొండజాతులనుగూర్చి పరిశోధించిన హైమెన్‌డార్ఫు పండితుడు, రోడ్లు పడిన ఆదిలాబాదు సీమలలో గోండులు మంచి నేలలను వలసవచ్చినవారికి పోగొట్టుకొనిన తీరును విపులముగా వర్ణించెను. ఈ సీమలలో త్రోవ దొంగతనము చేయలేదు. దొంగతనమునకు దారి చూపెను.

8. శాసనములు

ఈ నష్టము ప్రభుత్వములకు తెలియకపోలేదు. మద్రాసు ప్రభుత్వము 1917లోనే ఏజెన్సీ భూములు కొండజాతులవారినుండి ఇతరులకు, అధికారి అనుమతి లేక, పోకుండ చట్టము చేసెను. స్వాతంత్ర్యానంతరము 1959వ సంవత్సరపు ఒకటవ రెగ్యులేషను వచ్చి, 1963లో తెలంగాణ ప్రాంతమునకు విస్తరింపబడెను. 1970వ సంవత్సరపు ఒకటవ రెగ్యులేషను దానిని గట్టిపరచెను. జనులు దీనిని వన్ ఆఫ్ సెవంటీ యందురు. దీని సారము మూడు మాటలలో చెప్పవచ్చును. షెడ్యూల్డు ప్రాంతమందలి భూమిని గిరిజనుడు గాని, గిరిజనేతరుడు గాని, గిరిజనునకే తప్ప ఇతరులకు అమ్మరాదు. గిరిజనేతరుని చేతిలోని భూమి మొదట గిరిజనునిదే యని న్యాయస్థానము భావింపవలయును. కాదనువాడే రుజువు చూపవలయును. 1988లో సుప్రీముకోర్టు ఈ శాసనము చెల్లునని తీర్పు చెప్పెను. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చి, తరతరములుగా అడవిలో సాగుచేసినవారికి పట్టా పొందు హక్కు కలిగించెను.

శాసనము పుస్తకములో నుండుట యొకటి, పొలముగట్టుపై నుండుట యొకటి. అర్జీ వ్రాయుటకు, అడంగలు నకలు చదువుటకు, గడువు తప్పక కచేరీకి పోవుటకు చదువు కావలయును. మా మనస్సున నిది యొక వ్యాకరణసూత్రము కంటె తక్కువ పాఠము కాదు.

9. మనము నేర్వవలసినది

ఇంతమాత్రముచేత త్రోవలే వలదనువారు కలరు. మేమట్లనము. వానకాలమున వాగు పొంగగా ప్రసవవేదన పడు స్త్రీని డోలీలో మోసికొనిపోవు గూడెములు నేటికిని కలవు. అట్టి గూడెమునకు రోడ్డు రాకుండుటయే అన్యాయము. రోడ్డున వైద్యుడు వచ్చును, పుస్తకము వచ్చును, చింతపండునకు న్యాయమైన ధర వచ్చును. ఇదివరకు చెప్పిన చరిత్రనుండి మేము తీయు పాఠము వేరు. త్రోవ వేయువారు ఎల్లప్పుడును "దీనివెంట ఎవరు వత్తురు?" అని లెక్కించిరి. "ఇక్కడ ఎవరున్నారు?" అని ముందుగా అడిగినవారు అరుదు. హెయిగ్ ఒక్కడు ఆ ప్రశ్న నడిగెను గనుకనే, ఆయన నీటిబాట ఎండిపోయినను బడి నిలిచినది.

పొరుగువాని పొలిమేర రాతిని జరుపరాదని మోషే ధర్మశాస్త్రము శాసించుచున్నది. రాయి లేని చోట పొలిమేర లేదని దాని భావము కాదు. పోడు నేలకు రాయి లేదు. చెట్టే దానికి గుర్తు, తాతల జ్ఞాపకమే దానికి దస్తావేజు.

తలిదండ్రులకు మా మనవి: మీ కుటుంబము ఎచటినుండి యే త్రోవను వచ్చినదో బిడ్డలకు సత్యముగా చెప్పుడు. కష్టపడి సంపాదించినది చెప్పుడు. మీకు ముందు ఆ నేలపై నున్నవారి పేరు తెలిసినచో అదియు చెప్పుడు. ఉపాధ్యాయులకును, మిషను పనివారికిని మా మనవి: పై తరగతులకు చేరిన ప్రతి గిరిజన విద్యార్థికిని పట్టా, అడంగలు, అర్జీ చదువుట నేర్పుదము.

ఆనాడు నవ్విన తరగతికి ఈ పాఠమును రెండు దినములు చెప్పితిమి. రెండవ దినమున ఆ కోయ బాలుని మేము నల్లబల్లయొద్దకు పిలిచి, తన గూడెమునుండి సంతకు పోవు బాటను గీయుమంటిమి. అతడు వాగును, రెండు ఇప్పచెట్లను, తన తాత విడిచిన పోడును గీచి, ఒక్కొక్కదాని పేరు తన భాషలో చెప్పెను. మా పటములో ఆ పేర్లు ఒక్కటియు లేవు. తరగతివారు వానిని తమ పుస్తకములలో వ్రాసికొనిరి.

అభ్యాసము

1. మీ ఊరిలోని మిక్కిలి పాతదగు త్రోవ యేది? అది పాదములు వేసినదా, ప్రభుత్వము వేసినదా? పెద్దలనడిగి వ్రాయుడు.
2. దుమ్ముగూడెము నీటిబాట విఫలమగుటకు గల కారణములలో నది వలన కలిగిన వేవి, లోకవర్తకము వలన కలిగిన వేవి?
3. లాకు పటమును గీచి, పడవ పైమట్టమునకు లేచు విధమును వివరింపుడు.
4. మీ గ్రామము షెడ్యూల్డు ప్రాంతమున నున్నదా? గ్రామకచేరీలో విచారించి తెలిసికొనుడు.
5. మీ ఊరికి క్రొత్త రోడ్డు వేయు అధికారము మీకే యున్నచో, కొలతగొలుసు పట్టుటకు ముందు ఎవరెవరిని ఏమేమి అడుగుదురు?